చెఱకుసీమ రాత్రులు

దేశాటనము చేసినవారు వ్రాయు గ్రంథములలో పట్టణవర్ణనము సాధారణముగ రెండు భాగములై యుండును. కోటలు, దేవాలయములు, వస్తుప్రదర్శనశాలలు మొదటిభాగము. రాత్రివేళల వినోదములు రెండవభాగము. పాట యెక్కడ వినవచ్చును, ఆట యెక్కడ చూడవచ్చును, ఏ వీథిలో దీపములు ఎంత ప్రొద్దుపోవువఱకు వెలుగుచుండును అని యందు విపులముగ వ్రాయుదురు. ఆ భాగము చదువునపుడు మనకు సహజముగ నొక సందేహము కలుగును. ఆ రాత్రి యెవరిది? అందు స్త్రీ యాటను చూచుచున్నదా, ఆటవస్తువై యున్నదా, లేక తలుపు గడియవేసికొని యింట గూర్చున్నదా?

ఈ ప్రశ్నను వెంటగొనియే నేను నిజామాబాదు జిల్లాకు పోతిని. బోధను చెఱకుపొలములు మొదలుకొని గోదావరియొడ్డున నున్న మెండోరవఱకు రాత్రి జీవనమెట్లుండునో చూడవలెనని నా కోరిక. పల్లెసీమలో రాత్రివినోదములు వెదకుటయేమని సోదరీమణులు నవ్వవలదు. చెఱకు పండు సీమలకును రాత్రికిని పాతచుట్టఱికము కలదు. దానికి దృష్టాంతము సముద్రములకావల, కరీబియను దీవులలో దొరకును.

ట్రినిడాడు దీవికి ముఖ్యపట్టణము పోర్ట్ ఆఫ్ స్పెయిన్. అచ్చటి కార్నివాల్ ఉత్సవము లోకప్రసిద్ధము. తెల్లవారుజామున బురదయు రంగులును మేన బూసికొని జనులు వీథులలో నాడుచు పోవుదురు. దీనిని జూవే యందురు. తెల్లవాఱుట యని దాని యర్థము. ఈ యుత్సవపు వేళ్లలో నొకటి చెఱకుతోటలో నున్నది. బానిసలు పనిచేయు కాలమున తోట కంటుకొన్నచో, కాలిన చెఱకు చెడిపోకముందే గానుగకు చేర్పవలెను గనుక, చుట్టుప్రక్కల బానిసలనెల్ల రాత్రికిరాత్రి దివిటీలతో, కొమ్ముబూరలతో, కొరడాలతో తోలుకొని పోయెడివారు. 1838లో సంపూర్ణస్వాతంత్ర్యము లభించిన పిమ్మట వారే యా దివిటీలను తమ యిష్టముచే బట్టుకొని రాత్రి యూరేగసాగిరి. కాలిన చెఱకు అను ఫ్రెంచిమాటనుండి యా యూరేగింపునకు కాన్‌బూలే యను పేరు వచ్చినది. 1881లో పోలీసులు దానిని మాన్పింపబోగా జనులెదిరించి పోరాడిరి. నిర్బంధముగ మేల్కొన్న రాత్రినే తమ పండుగరాత్రిగ మార్చుకొన్నవారి కథ యిది.

ఈ కథలో మనవారికిని భాగము కలదు. బానిసలు విడిపోగా తోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1845 మొదలు 1917 వఱకు 1,40,000కు పైగా భారతీయులు ఒడంబడికకూలీలుగ ట్రినిడాడునకు పోయిరి. పెక్కుమంది కలకత్తా రేవున ఓడయెక్కినవారే యయినను, మద్రాసు రేవునుండి పోయినవారిలో అరవవారితోపాటు తెనుగువారును ఉండిరి.

ఇక మన చెఱకుసీమకు వత్తము. నిజాము ప్రభుత్వము మంజీరానదికి కట్టిన నిజాంసాగరము 1931లో పూర్తియై, బోధను ప్రాంతమున చెఱకుసాగు పెరిగెను. 1937లో అచ్చట నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసెను. దానిచుట్టును శక్కర్‌నగరమను పేటయే పుట్టెను. నరికిన చెఱకు నిలువయున్నకొలది తీపి తగ్గును. కావున గానుగాడుకాలము మొదలైనచో యంత్రములకు రాత్రియనియు పగలనియు భేదము లేదు. బండ్ల వెనుక బండ్లు, వాని క్రింద వ్రేలాడు లాంతరులు, ఎడ్ల మెడగంటలు, మరుగుచున్న రసపు వాసన, షిఫ్టు మారునపుడు కూయు కూత, ఇవి యా పేటకు రాత్రిజీవనము. 2002లో ఫ్యాక్టరీలో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో అది మూతబడినది.

శక్కర్‌నగరమున నొక వృద్ధురాలితో మాటలాడితిని. రాత్రిషిఫ్టునకు పోవు పెనిమిటికి పదిగంటలవేళ వేడివేడిగ వండిపెట్టి, క్యారియరు చేతికిచ్చి, ఆపైన చుట్టుప్రక్కల యిల్లాండ్రతో అరుగుమీద మాటలాడుకొనుటయే తమకు వినోదమని ఆమె చెప్పినది. “అప్పుడు కూతకు లేస్తుంటిమి, కూతకు పంటుంటిమి. ఇప్పుడు కూత లేదు, నిద్ర లేదు బిడ్డా” అని నవ్వినది. కర్మాగారము మూతబడినచో కూలివాని జీతమొక్కటియే పోవునని మనమనుకొందుము. ఆ జీతము చుట్టునల్లుకొన్న రాత్రియు పోవునని యామె మాటవలన దెలిసినది.

పూర్వము ఇందూరని పిలువబడిన నిజామాబాదుపట్టణమున రాత్రి పూర్తిగ నిద్రపోదు. రైలుస్టేషనుకడ టీదుకాణములు వెలుగుచుండును. రెండవయాట వదలినపుడు సినిమాశాలలయెదుట సందడి కలుగును. కాని యా గుంపులలో నొంటరిగనున్న స్త్రీ కానరాదు. రంజానునెలలో మాత్రము వేఱు. ఉపవాసము విడిచిన తరువాత ముస్లిము స్త్రీలు, తల్లులు, కూతుండ్రు, కోడండ్రు కలిసి బురఖాలతోనే బజారునకు వచ్చి, గాజులు, బట్టలు, సేమ్యాలు బేరమాడి కొనుచు చాల ప్రొద్దుపోవువఱకు తిరుగుచుందురు. ఆ నెలలో రాత్రిబజారు వారిది.

నిజామాబాదునుండి ఆర్మూరుమీదుగ, నాగపూరు దారియైన 44వ జాతీయరహదారి పట్టి మెండోరకు పోయితిమి. పసుపు, ఎఱ్ఱజొన్న, మొక్కజొన్న పండు నేల యిది. 2016లో మండలముల పునర్విభజనలో మెండోర మండలకేంద్రమైనది. పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించిన శ్రీరాంసాగరము ఈ మండలముననే యున్నది. 1963 జూలై 26వ తేదీన నెహ్రూగారు దీనికి శంకుస్థాపన చేసిరి. ఆనకట్టకు 42 గేట్లు. వరదకాలమున వానిని ఎత్తినపుడు చూచుటకు ఊళ్లకూళ్లు తరలివచ్చును. ప్రొద్దుగ్రుంకగనే బండ్లన్నియు తిరుగుముఖము పట్టును. ఆపైన నీటిమ్రోతయే మిగులును.

ఊరిలో రాత్రి యెట్లుండునని చూడ నొక యింట బసచేసితిని. భోజనములైన పిమ్మట అత్తయు కోడలును చాటలు ముందు పెట్టుకొని గోడకానుకొని కూర్చుండిరి. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారము కట్టుట. మరల నొక యాకు. ఈ జిల్లాలో వేలకొలది యిండ్లలో స్త్రీలకు రాత్రి యిట్లే గడచును. వేయి బీడీలకింతయని కూలి. మెడ వంచియే కబుర్లు, మెడ వంచియే నవ్వులు. బీడీలు చుట్టువారికి తెలంగాణప్రభుత్వము పింఛను నిచ్చుచున్నది. అయినను వ్రేళ్లకు విశ్రాంతి తక్కువ.

పదిగంటలు దాటగా కోడలి ఫోను మ్రోగినది. ఆమె పెనిమిటి దుబాయిలో నున్నాడు. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుక; సౌదీదైనచో రెండున్నర గంటలు వెనుక. వాడు పనినుండి వచ్చి, స్నానముచేసి, వంట ముగించుకొని పిలుచువేళకు ఇచ్చట ఊరు మాటుమణగును. ఈ సీమనుండి గల్ఫుదేశములకు పోయినవారి యిండ్లలో సంసారము నడచునది యా యరగంటలోనే. అప్పులు, బడిరుసుములు, అత్తగారి మోకాలినొప్పి, పసివాని క్రొత్తమాటలు అన్నియు నందే. ఏ పట్టణపు నాట్యశాలయందును అంత ఆత్రముతో కనిపెట్టుకొనియుండు ఘడియ యుండదేమో.

“వెనుక మాకు రాత్రంటె భయమే,” అని అత్త చెప్పినది. పొలములకు విద్యుచ్ఛక్తి వంతులవారీగ వచ్చు కాలమున, నడిరాత్రి మోటారు వేయుటకు రైతు చీకటిలో పోయెడివాడు. పాముకాటుచేతను కరెంటుదెబ్బచేతను తెలంగాణమున ఎందఱో ప్రాణములు కోలుపోయిరి. పెనిమిటి తిరిగివచ్చువఱకు ఇల్లాలికి నిద్ర లేదు. 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగుగంటలు కరెంటు ఇచ్చుటతో ఆ జాగరణ తగ్గినది.

ఈ సీమలో ఆటపాటల రాత్రులు లేవా? లేకేమి! చిందు యక్షగానమునకు నిజామాబాదు జిల్లా పుట్టినిల్లువంటిది. చిందువారు ఊరికి వచ్చి, మేకులు పాతి పందిరివేసి, రాత్రియెల్ల భాగవతకథ లాడుదురు. కూచిపూడిలో పూర్వము స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించెడివారు. చిందుమేళములలోనో, స్త్రీలే రంగమెక్కిరి. బోధనుకు చేరువనున్న అమ్దాపూరులో నివసించిన చిందుల ఎల్లమ్మగారు స్త్రీపాత్రలతోపాటు పురుషపాత్రలనుగూడ ధరించి పేరుగాంచిరి. 2005లో ఆమె పరమపదించిరి. నిరుపేదయైన దళితకుటుంబమున బుట్టి, తెల్లవాఱువఱకు వేలమందిని కదలనీయక కూర్చుండబెట్టిన ప్రజ్ఞ యామెది.

ఇచ్చట నొక కఠినమైన సంగతియు చెప్పవలసియున్నది. ఇదే జిల్లాలో దేవతపేరిట దళితబాలికలకు పోతురాజుతో పెండ్లిచేసి, జోగినులని ముద్రవేసి, జాతరరాత్రులలో ఆడించి, ఊరివారు భోగ్యవస్తువుగ వాడుకొను దురాచార ముండెను. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని నిషేధించు చట్టము చేసినది. జాషువా కవిగారి కుమార్తె హేమలతా లవణంగారు భర్తతో గూడి ‘సంస్కార్’ సంస్థ ద్వారా వర్ని యందు ‘చెల్లినిలయము’ నెలకొల్పి, ఆ స్త్రీలను ‘చెల్లెలా’ యని పిలిచి చేరదీసిరి. ఎల్లమ్మగారు ఆడినదియు రాత్రియే, జోగిని ఆడినదియు రాత్రియే. ఒకతె తన విద్య చూపినది. రెండవదానికి కాదనుటకు వీలు లేకుండెను. కావున స్త్రీ రాత్రి బయటికి వచ్చినంతమాత్రమున నది స్వాతంత్ర్యము కాదు. వచ్చుటయు, ఆడుటయు, ఇంటికి మరలిపోవుటయు తన యిచ్ఛయై యుండవలెను.

అట్టి రాత్రి మెండోరలో నున్నదాయని ఇరుగుపొరుగున నున్న ఒక ముసలమ్మ నడిగితిని. “గిప్పుడేముంటది బిడ్డా! పెత్రమాసకు రా, అప్పుడు సూద్దువు” అన్నది. ఆమె మాట ప్రకారము మరల భాద్రపద అమావాస్యకు పోయితిని.

ఆ దినము ఎంగిలిపూల బతుకమ్మ. అది మొదలు సద్దుల బతుకమ్మవఱకు తొమ్మిదినాళ్లు. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడిపువ్వులను తాంబాళములో వరుసలుగ పేర్చి, మీద పసుపు గౌరమ్మ నుంచి, సాయంకాలమునకు ఆడువారందఱు నడివీథికి వత్తురు. పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డలు, నడుము వంగిన అవ్వలు, చంటిపిల్లల తల్లులు, పగలంతయు బీడీలు చుట్టినవారు, అందఱు నొక్కటే చుట్టు. ఒకతె యెత్తుకొనగా తక్కినవారు ఉయ్యాలపాట నందుకొని చప్పట్లు చరచుచు వంగుచు లేచుచు తిరుగుదురు. అందు పురాణకథలే కాక, అత్తింటి కష్టములు, అన్నదమ్ముల ముచ్చటలును పాటలై వచ్చును. మగవారు డప్పుకొట్టుటకో, దూరమున నిలిచి చూచుటకో యుందురు. సద్దులనాడు మలీదలు, సత్తుపిండ్లు, తీరుతీరుల సద్దులు కట్టుకొని, ప్రొద్దుపోయినపిమ్మట చెఱువుకట్టకు పోయి బతుకమ్మను నీట విడిచి, పసుపుకుంకుమలు పంచుకొని తిని మరలుదురు. 2014లో తెలంగాణప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగ ప్రకటించినది. టిక్కెట్టు లేదు, రంగస్థలము లేదు, చూచువారికై చేయు ఆటయు కాదు. నేను వెదకిన రాత్రి యిదియే.

అయినను ఒక విషయము నా మనస్సున నిలిచిపోయినది. సద్దులకు ముందు పంచాయతీవారు చెఱువుదారి బాగుచేయించి, తుప్పలు కొట్టించి, కట్టపై దీపములు పెట్టించిరి. మఱునాడు ఆ తీగలను చుట్టి తీసికొనిపోయిరి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము లభించినది గాని, కడపటి బస్సు దిగినపిమ్మట చీకటిదారి యట్లే యున్నది. తొమ్మిదినాళ్లు ఆడువారు నిర్భయముగ తిరుగదగిన దారి, పదియవనాడు తగనిదగుట దారి దోషము కాదు గదా!

మన యూళ్లలో గ్రామసభలు జరుగుచునే యున్నవి. అందు మాటాడు హక్కు స్త్రీలకును కలదు. రాబోవు సద్దులకు చెఱువుకట్టపై దీపములు పెట్టినపుడు, వానిని విప్పవలదని సోదరీమణులు పదిమంది కలిసి యడుగుదురు గాక. ఆ వెలుతురున కోడలు ఫోను చేతబట్టుకొని యింటి నాలుగుగోడలమధ్య గాక, కట్టమీద నడచుచు పెనిమిటితో మాటలాడుకొనును. అత్తయు బీడీచాట ప్రక్కకు నెట్టి, వెనుకనే మెల్లగ నడచివచ్చును.