సీలు విప్పాలా, దాచుకోవాలా?

పాత గ్రామఫోను రికార్డులు పోగేసేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగాదా ఒకటుంది. ఎవరూ విప్పని, సూది పడని రికార్డు చేతికి దొరికితే విప్పి వినాలా, అలాగే దాచాలా? విప్పావో ధర పడిపోతుందంటాడు ఒకడు. వినకపోతే అది ఉత్త నల్ల పళ్ళెమే గానీ పాటెలా అవుతుందంటాడు ఇంకొకడు. ఈ మధ్య ఈ గొడవ మా ఇంట్లోకే వచ్చింది కాబట్టి నా రెండు ముక్కలూ ఇక్కడ రాసి పెడుతున్నా.

మా బాబాయికి గజపతినగరంలో మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ, అమ్మవారి పండగలకీ చుట్టుపక్కల ఊళ్ళకి అద్దెకి తిప్పేవాడు. ఘంటసాల భగవద్గీత ఎల్పీ రెండు కాపీలు కొన్నాడు. ఒకటి అద్దెలకి, రెండోది మొదటిది అరిగిపోయాక వాడుకోడానికి. అది అరిగేలోపే క్యాసెట్లు వచ్చేశాయి. రెండోది పాలిథిన్ కవరు అంచు కూడా ఊడకుండా బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఇప్పుడు బాబాయి లేడు. డాలస్‌లో ఉన్న వాళ్ళబ్బాయి "అన్నయ్యా, దాన్నెవరూ ముట్టుకోవద్దు, సీల్డ్ కాపీ అంటే కలెక్టర్లు ఎగబడతారు" అంటాడు. పిన్నేమో "ఆయన ఇనడానికే కదేటి కొన్నాడు బాబూ, బీరువాలో పెట్టి సూసుకోడానికా?" అంటుంది. మధ్యలో తీర్పు చెప్పాల్సింది నేను. సాఫ్ట్‌వేర్ వాడికి ప్రింటర్ దగ్గర్నుంచి గ్రామఫోను దాకా అన్నీ తెలుస్తాయని మనవాళ్ళ నమ్మకం :)

మా తమ్ముడి వాదన ఊరికే కొట్టిపారేసేది కాదు. 1966లో బీటిల్స్ ఆల్బమ్ ఒకటి వచ్చింది. అట్ట మీద కసాయి కోట్లు, మాంసం ముక్కలు, తలల్లేని బొమ్మలు. జనం గోల చేసేసరికి క్యాపిటల్ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని, చాలా కాపీల మీద కొత్త బొమ్మ అతికించి మళ్ళీ అమ్మింది. ఆ కంపెనీ ప్రెసిడెంటు అలన్ లివింగ్‌స్టన్ మాత్రం అసలు అట్టవి ఒక పెట్టెడు ఇంటికి పట్టుకుపోయి దాచాడు. సీలు విప్పని అలాంటి కాపీ ఒకటి 2016లో లక్షా పాతికవేల డాలర్లు పలికింది. అక్కడ విలువంతా అట్టది. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. కాబట్టి విప్పకుండా ఉంచడంలో అర్థం ఉంది.

కానీ సీలు అనేదాన్ని అంత గుడ్డిగా నమ్మకూడదు. పైన బిగించిన ప్లాస్టిక్ పొర ఏళ్ళ తరబడి ఇంకా బిగుసుకుంటూ అట్టని నొక్కుతుంది, దాంతో లోపలి రికార్డు వంగిపోవచ్చు. మన ఉత్తరాంధ్ర ఎండలకి, ఉక్కకి సంగతి చెప్పనే అక్కర్లేదు. కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లయితే రికార్డు మీద మసక పొర కూడా పట్టిస్తాయి. పైగా ష్రింక్ ర్యాప్ మిషను ఉన్న ఎవడైనా పాతదాన్ని కొత్తగా సీలు చెయ్యగలడు. లోపల ఏముందో విప్పితే గానీ తెలీదు, విప్పితే ధర ఉండదు. మన ఆఫీసుల్లో ఒక మాట ఉంది కదా, రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ అసలు బ్యాకప్పే కాదని. పదేళ్ళుగా రాత్రి రెండింటికి జాబ్ సక్సెస్ అని మెయిల్ వస్తూనే ఉంటుంది, టేపు మీద మాత్రం ఏమీ ఉండదు!

భగవద్గీత దగ్గరికొద్దాం. ఘంటసాల సంగీతం నేర్చుకున్నది విజయనగరంలో. గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారిది సాలూరు సంప్రదాయం. ఆ సాలూరు రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. అందుకే ఆయన మావాడే అన్నట్టు మాట్లాడతారు మావైపు. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక ఈ రికార్డు బయటికొచ్చింది. (శవయాత్ర వ్యాన్ల పుణ్యమా అని ఇప్పుడది ఇంట్లో పెడితే ఉలిక్కిపడే వాళ్ళున్నారు. పాపం ఆయన గొంతు చేసిన తప్పేమిటో.) ఇది గుడిలో వినిపిస్తుంది, ఫోన్‌లో వినిపిస్తుంది. మన కాపీ విప్పకపోతే లోకానికి పోయేదేమీ లేదు, విప్పితే కొత్తగా వచ్చేదీ లేదు. అందుకని ఇందులో పిన్ని మాటే చెల్లాలని నా అభిప్రాయం. ఆవిడ భర్త ఆవిడ ఇంట్లో వాడడానికి కొన్న వస్తువు. ఈ మాట తమ్ముడికీ చెప్పేశాను. రెండ్రోజులు మాట్లాడలేదు.

నాకు బెంగ అసలు ఇది కాదు. అదే బీరువా అడుగున 78 ఆర్‌పీఎం రికార్డుల కట్ట ఒకటుంది. హరికథలు, నాటక పద్యాలు, కొన్నింటి మీద పేర్లు కూడా చెరిగిపోయాయి. వీటికి సీలూ లేదు, గిరాకీ లేదు, డాలస్ నుంచి ఫోనూ లేదు. ఇలాంటివాటికి మాస్టర్ కాపీ ఎక్కడో భద్రంగా ఉందనుకోవడానికి వీల్లేదు. ఒక్కోసారి ఎవరో ఒకరి ఇంట్లో మిగిలిన రికార్డే ఆ పాటకి ఆధారం. బొబ్బిలి రాజవంశం వారైన వి.ఎ.కె. రంగారావు గారు 78లు వేలకొద్దీ పోగేశారు. పోగేసి తాళం వేసుకోలేదు. వాటి గురించి రాశారు, హెచ్‌ఎంవీకి 'అలనాటి అందాలు' అని పాత పాటల సంకలనాలు కూర్చి ఇచ్చారు. మా తరం వాళ్ళు కొందరు ఆ పాటలు విన్నది అలాగే.

అయితే దొరికింది కదాని తిప్పేస్తే 78 నాశనమైపోతుంది. అది వినైల్ కాదు, లక్కతో చేసింది, కింద పడితే పెంకు. పాత గ్రామఫోనులో ఉక్కు సూది, దాని మీద వంద గ్రాముల పైచిలుకు బరువు. సూదే అరిగి గాడికి సరిపడేలా రికార్డులో రాతిపొడి లాంటిది కలిపేవారు, అందుకే పక్క మార్చినప్పుడల్లా కొత్త సూది. ఇప్పటి ప్లేయర్ల ముల్లు బరువు రెండు మూడు గ్రాములే గానీ ఎల్పీ సూది 78కి పనికిరాదు. ఈ గాడి దాదాపు మూడింతలు వెడల్పు. తుడవడానికి స్పిరిట్ అసలు వాడకూడదు, లక్క కరిగిపోతుంది. సరైన సూదితో ఒక్కసారి ఆడించి, ఫైలుగా దించుకుని, ఆ తర్వాత ఎంతకాలమైనా దాచుకోవచ్చు.

సంక్రాంతికి ఊరెళ్తున్నాను. విశాఖలో గానీ, విజయనగరంలో గానీ 78 సూది ఉన్న ప్లేయరుతో రికార్డింగ్ చేసిపెట్టేవాళ్ళు ఎవరైనా మీకు తెలిస్తే కాస్త చెప్పండి. కట్ట మొత్తం పట్టుకొస్తాను.