ఎవురు పోయినారమ్మా?

మా సోమలలో తెల్లవారుజామున ఘంటసాల గొంతు వినబడితే జనం ఒక్క క్షణం చెవి ఒగ్గి వింటారు. పాటయితే సరే, ఎవరి పనిలో వాళ్ళు పడిపోతారు. భగవద్గీత అయితే మాత్రం చేతిలో పని వదిలేసి ‘ఎవురింట్లో?’ అంటారు. ఇది మా ఊరి వింతేమీ కాదు. తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ ఇదే వరస కదూ?

నాలుగేళ్ళ కిందట, కార్తీకమాసంలో, ఆ ప్రశ్న మా గడపలోకే వచ్చింది.

మా అబ్బాయి బెంగుళూరు నుంచి వస్తూ వాళ్ళ అవ్వకని ఒక పాటల పెట్టె తెచ్చాడు. పాత రేడియోలాగే ఉంటుంది, లోపల వేల పాటలుంటాయి. మా అత్తగారికి అప్పటికి ఎనభై దాటి నాలుగైదేళ్ళు. చెవి కాస్త మందం. ఉబ్బసం మాత్రం ఏ మందానికీ లొంగనిది. మర్నాడు తెల్లవారి ఐదింటికే లేచి పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తన చెవికి సరిపోయేంత గట్టిగా తిప్పారు. ఆవిడ చెవికి సరిపోయిందంటే వీధి చివరిదాకా సరిపోయిందన్నమాట.

నేను కళ్ళాపి చల్లుదామని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర పాలామె, తలమీద కొంగు కప్పుకుని. ఆమె వెనక ఎదురింటి వదిన, జుట్టు కూడా ముడేసుకోలేదు. వదిన వెనక వాళ్ళాయన, కండువా భుజాన వేసుకుని, చెప్పులు బయటే విడిచి. ఇంతలో మా అత్తగారే కాఫీ గ్లాసుతో వసారాలోకి వచ్చారు.

“ఎవురు పోయినారమ్మా?” అంది పాలామె, గొంతు తగ్గించి.

“యాడికి?” అన్నారు మా అత్తగారు.

ఆ తర్వాత అందరం నవ్వాం లెండి. నవ్వనిది మా ఆయనొక్కరే. “పెద్దదాన్ని ఇంట్లో పెట్టుకుని ఇదేం అపశకునం? ఇంకోసారి ఆ గీత ఈ ఇంట్లో వినబడకూడదు” అని పెట్టె తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు. నేనూ అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నాకూ లోపల కాస్త గుబులుగానే ఉండింది.

సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి మెల్లగా అన్నారు. “ఏమ్మే, నేను పోయినాక ఎట్లా వేస్తారు కదా. అప్పుడు నాకు వినపడతాదా?”

దానికి నా దగ్గర జవాబేముంది? మర్నాటి నుంచి మా ఆయన మధ్యాహ్నం బయటికి వెళ్ళగానే బీరువా తెరిచేదాన్ని. తలుపులు మూసి, కిటికీలు బిగించి, ఇద్దరం దొంగల్లా కూర్చుని వినేవాళ్ళం.

నాకు తెలిసినవాళ్ళలో ఈ రికార్డు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. మదనపల్లెలో సంగీతం చెప్పే నా స్నేహితురాలుంది. “అది మాయాబజార్ నాటి గొంతు కాదు. ఆరోగ్యం బాగా లేనప్పుడు పాడింది. నేనైతే పుష్పవిలాపమే వింటాను” అంటుంది. మా చిన్నమామగారికి వేరే కోపం. ఏడువందల శ్లోకాల గీతలో వందకు కొంచెం పైన మాత్రమే ఏరుకుని పాడితే అది గీత ఎట్లా అవుతుందని. మా అబ్బాయి మాత్రం శ్లోకం పాడి వెంటనే తెలుగులో అర్థం చెప్పడం తనకు నచ్చిందనీ, ఆ మాత్రం లేకపోతే తనకు ఒక్క ముక్కా తెలిసేది కాదనీ ఒప్పుకున్నాడు.

ఇక ‘అది పోయినవాళ్ళ పాట’ అనేది ఊరందరి అభిప్రాయం. ఇది ఎట్లా అంటుకుందో నాకు తోచింది చెబుతాను. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. హెచ్.ఎం.వి. వాళ్ళు గీత విడుదల చేసింది ఆయన పోయాక, ఆ ఏడాదే. అంటే జనం దాన్ని మొదటిసారి విన్నదే పోయిన మనిషి గొంతుగా. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, ఊరూరా మైకుసెట్లు వచ్చాయి. చావు జరిగిన ఇంట్లో సినిమా పాట వెయ్యలేరు, ఊరికే ఉంటే బెంగ. పైగా గీతలో ఆత్మకు చావు లేదనే మాటా, పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకునే పోలికా ఉండనే ఉన్నాయి. మైకుసెట్టు అబ్బాయికి అంతకంటే అనువైంది ఇంకేం దొరుకుతుంది? అట్లా రోజూ వినాల్సిన మాట చావు కబురయి కూర్చుంది.

మా అత్తగారు దీన్ని అస్సలు ఒప్పుకునేవారు కాదు. మా చిత్తూరు వైపు ఎండాకాలం భారతాలు జరుగుతాయి, మీలో కొందరు చూసే ఉంటారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు మట్టితో చేసి పడుకోబెట్టిన ఇంత పెద్ద దుర్యోధనుడి వధ. అవి వింటూ పెరిగిన మనిషి ఆవిడ. చదివింది మూడో తరగతి.

“కృష్ణుడు ఎవురికి చెప్పినాడు? అర్జునుడికి. అర్జునుడు బతికుండాడా, సచ్చిపోయినాడా? బతికుండే వాడు చేతులు ముడుచుకొని కూలబడితే, లేసి పని చూడు నాయనా అని చెప్పిన మాటలు గదా. సచ్చినోడికి చెప్పి ఏం లాభం?”

పండితులు ఏమంటారో గానీ నాకు మాత్రం దీనికి ఎదురు దొరకలేదు.

ఘంటసాల మీద ఆవిడకు చనువెక్కువ. పదిహేనేళ్ళప్పుడు పుంగనూరులో మేనత్త ఇంట్లో ఉండి పాతాళభైరవి చూశారట. 1951లో వచ్చిన సినిమా అది. అప్పటి గొంతుకూ దీనికీ పోలిక పెట్టేవారు. “ఆ పొద్దు గొంతులో పిల్లోడుండాడు. ఇప్పుడు ఇంటి పెద్ద కూర్చోని చెప్తా ఉండాడు.” ఇంకోరోజు ఉన్నట్టుండి చెయ్యెత్తి, “ఆపు. మళ్ళా వెయ్యి” అన్నారు. మళ్ళీ వేశాను. “విన్న్యావా? ఊపిరి దాచిపెట్టుకొని పాడతా ఉండాడు మే.” నాకేమీ తెలియలేదు. ఉబ్బసంతో రాత్రిళ్ళు దిండుకు ఆనుకుని కూర్చునే మనిషికి తెలిసినట్టు నాకెట్లా తెలుస్తుంది?

ఆ మాట మీదే వయసు సంగతి వచ్చింది. “పెద్దాయన, పాపం. ఎన్నేండ్లకు పోయినాడో” అన్నారు. 1922 డిసెంబరులో పుట్టాడని చెప్పాను. ఆవిడ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

“యాభై రెండు నిండలేదా?” అన్నారు. “మా పెద్దోడికే అరవై మూడు గదా!”

పెద్దోడంటే మా ఆయన. ఆవిడ పెట్టె కట్టెయ్యమని సైగ చేశారు. ఆ పూట కాఫీ కూడా తాగలేదు. ఇన్నాళ్ళూ తన కంటే పెద్దవాడెవరో చెబుతున్నాడని కొంగు సర్దుకుని వింటున్న మనిషి, అది కొడుకు వయసువాడి గొంతని తెలిసి దిగులుపడిపోయారు. నేనూ అప్పటిదాకా ఆలోచించలేదు. ఆ నిదానమూ ఆ బరువూ విని ఏ డెబ్బయ్యేళ్ళవాడో అనుకుంటాం.

మర్నాడు ఆవిడే “వెయ్యి” అన్నారు. అప్పటి నుంచి వినే తీరు మారింది. మధ్యమధ్య “పాడు నాయనా, మెల్లగా పాడు” అనేవారు.

ఒకరోజు నాతో మాట తీసుకున్నారు. “నేను పోయిన పొద్దు గీత వెయ్యొద్దు మే. నేను వినేసినాను. పాతాళభైరవి పాటలు వెయ్యండి.” ఇద్దరం పడీపడీ నవ్వాం.

రెండో వేసవిలో పోయారు. మైకుసెట్టు అబ్బాయి వచ్చి వేపచెట్టుకు రెండు స్పీకర్లు కట్టాడు. చుట్టాలంతా ఉన్నారు. ఆడబిడ్డలు ఏడుస్తున్నారు. పాతాళభైరవి వెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గీతే మోగింది, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. స్నానానికి నీళ్ళు తోడుతూ విన్నాను. ఊపిరి దాచుకున్న చోటు అప్పుడు తెలిసింది నాకు.

ఇప్పుడు ఆ పెట్టె వసారాలోనే ఉంటుంది. బుద్ధిపుట్టినప్పుడల్లా తెల్లవారి ఐదింటికి గీత పెడతాను, వీధి తలుపు తెరిచే. మా ఆయన మొదట్లో గొణిగారు గానీ, ఈమధ్య కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంటున్నారు.

మొన్న ఎదురింటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పరుగెత్తుకొచ్చింది, తడి జుట్టుతో.

“ఎవరు పోయినారత్తా?”

నేను నోరు తెరిచేలోగా పాలామె గేటు తోసుకుని వస్తూ అంది. “ఎవురూ పోలేదులేమ్మా. ఈయమ్మ ఇంట్లో ఇంతే. గిన్ని తీసుకురామ్మా, నాకు పొద్దుపోతాంది.”