థిన్నర్ గుడ్డ

మేం ముగ్గురం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మొదటి సంవత్సరం వేసవి సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళకుండా విజయవాడ ఆటోనగర్‌లో ఓ కార్ల పెయింటింగ్ షెడ్డులో చేరాం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే. అది తెలిసి మేస్త్రి మమ్మల్ని "సైంటిస్టులూ" అని పిలిచేవాడు.

ఒకరోజు డోరుకు తెల్లరంగు కొడుతుంటే మాస్కింగ్ పేపరు లేచిపోయి, నల్లటి గరుకు ప్లాస్టిక్ అద్దం తొడుగు మీద తుంపర పడింది. ఎవరూ చూడకముందే తుడిచేద్దామని థిన్నర్ గుడ్డ పెట్టాం. చుక్కలు పోయాయి. గరుకూ పోయింది! అంతమేర నున్నగా, వేలికి అంటుకుంటూ తయారైంది. ఓనరు వారం కూలి ఆపేశాడు. మెస్ బిల్లుకు అనుకున్న డబ్బది.

బంపరు మీదా తుంపర ఉంది. మేస్త్రి దాన్ని విప్పి, వెనక్కి తిప్పి, "ఇక్కడేదో రాసుంటది, చదవండ్రా" అన్నాడు. ఆయనకు చదువు రాదు. 'పీపీ' అని ఉంది, పాలీప్రొపిలీన్. పాడైన తొడుగు వెనక చూస్తే 'ఏబీఎస్'. థిన్నర్‌లో ఉండే అసిటోన్ లాంటివాటికి ఏబీఎస్ కరుగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది మేమే!

పీపీకి రంగు గట్టిగా పట్టదు. పైగా రంగింకా పూర్తిగా ఆరలేదు. మేస్త్రి ముందు కనబడని మూల పరీక్షించి, టర్పెంటాయిల్‌లో తడిపిన పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దాడు. వెంటనే గుడ్డతో అద్ది, సబ్బునీళ్ళతో కడిగాడు. ఉత్త గుడ్డతో రుద్దితే రంగు గుంటల్లోకి దిగుతుందట.

మిగతాది మాకిచ్చాడు. సాయంత్రం దాకా పట్టింది. వెళ్ళేటప్పుడు, "ఆ అక్షరాలు నాక్కూడా రాసియ్యండ్రా" అన్నాడు. మాస్కింగ్ పేపరు మీద పెద్దగా రాసి గోడకు అంటించాం.