కోరుకొండలో మాయాబజారు

రాజమండ్రికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది కోరుకొండ. చుట్టూ పొలాలు, నడుమ ధాన్యపు రాశి పోసినట్లు ఒంటరి కొండ. పరాశర మహర్షి తపస్సు చేసిన చోటని ప్రతీతి. పైన లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కేవాడికి పాపాలు పోతాయో లేదో గాని, మాట మాత్రం పడిపోతుంది!

ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి స్వామి కల్యాణం. 1990 ప్రాంతంలో ఆ సంబరాల్లోనే మా నాన్నగారు నన్నిక్కడ ‘మాయాబజారు’ నాటకానికి తీసుకువచ్చారు. నాకు పదేళ్ళు. 1957లో విజయావారు తీసిన సినిమా అప్పటికే రెండుసార్లు చూచి ఉన్నాను. ఘటోత్కచుడంటే ఎస్.వి. రంగారావుగారే! ఇక్కడ వచ్చినవాడు బక్కపలచని మనిషి. పొట్టకు గుడ్డలు చుట్టుకున్నాడు.

“ఈయనేం ఘటోత్కచుడు, నాన్నా!” అన్నాను.

“ఉండరా, విందుకు కూర్చోనీ” అన్నారు నాన్నగారు.

కూర్చున్నాడు. సినిమాలో మార్కస్ బార్ట్‌లీగారి కెమెరా లడ్డూలను గాలిలో నడిపించింది. ఇక్కడ పళ్ళెంలో ఒక్క లడ్డూ లేదు. ఉత్త చేతితో తీసి నోట వేసుకొని, నమిలి, గుటక వేసి, హార్మోనియం శ్రుతికి పాట ఎత్తుకున్నాడు. నాకు నోరూరింది. జనం ‘వన్స్‌మోర్’ అన్నారు. చెమటకు రంగు కారిపోతున్నా మళ్ళీ పాడాడు.

“అచ్చం సినిమాలాగే పాడాడు” అన్నాను.

నాన్నగారు నవ్వారు. “సినిమాయే నాటకంలా ఉందిరా. శశిరేఖా పరిణయం నాటకాలవాళ్ళ పాత సొత్తు. 1885లో కడప సీమలో పుట్టిన సురభివారు ఈ కథను ఊరూరా ఆడారు. సినిమా అప్పు పట్టుకుపోయింది. ఇప్పుడు వీళ్ళు వడ్డీతో రాబట్టుకుంటున్నారు.”

నాటకం ముగిసేసరికి తెల్లవారబోతోంది. తెర వెనుక ఘటోత్కచుడు రంగు కడుక్కొని, విస్తరాకులో చల్లారిన పులిహోర తింటున్నాడు.

“కడుపు నిండితే పాట పలకదు, బాబూ. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే తిండి” అన్నాడు. అంత విందు ఆరగించినవాడు పస్తున్నాడని తెలిసి నాకు నవ్వు రాలేదు.

మొన్న మా అబ్బాయితో మళ్ళీ వెళ్ళాను. నాన్నగారు లేరు. మెట్లు దిగి నీడన కూర్చున్నాం. కథంతా చెబితే, వాడు సెల్‌ఫోనులో ఆ పాట పెట్టబోయాడు. ఆపి, ఉత్త చేతితో లడ్డూ తిని చూపించాను.

వాడు పకపకా నవ్వాడు.

“నువ్వేం ఘటోత్కచుడివి, నాన్నా!”