మిరపకల్లాల ఊళ్ళో బట్టల ఉతుకు

మాఘమాసంలో గుంటూరు నుంచి ఒంగోలు వైపు బస్సులో వెళ్ళేవారు కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చోవాలి. ఊరు దాటగానే నల్లరేగడి చేలు మొదలవుతాయి. ఒక చేలో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంటుంది. పక్క చేలో మిరప ఎర్రగా పండి ఉంటుంది. కోసిన కాయలను కల్లాల్లో ఎండబోసి ఉంటారు. కుడిచేతి వైపు దూరంగా కొండవీటి కొండలు కనిపిస్తాయి. నలుపు, తెలుపు, ఎరుపు - ఈ మైదానానికి ఈ మూడే రంగులు. చూడటానికి ఎంతో ఇంపుగా ఉంటాయి. కాని అవి చొక్కాకు అంటుకుంటే ఎలా ఉంటుందో అరవై మూడో ఏట గాని నాకు తెలిసిరాలేదు.

ఒంగోలు ప్రాంతం ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 1970 లో అది వేరే జిల్లాలోకి వెళ్ళింది. 1972 లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లాల గీతలు మారినా నేల మాత్రం మారలేదు.

నేను ముప్ఫై ఆరేళ్ళు బడిపంతులుగా, హెడ్మాస్టరుగా పనిచేశాను. రోజూ ఉదయం ప్రార్థన వేళ పిల్లల వరసల మధ్య నడిచి, ఎవరి చొక్కా మాసి ఉందో చూసేవాణ్ణి. నా చొక్కా మాత్రం ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండేది. అది నా గొప్ప కాదు. చిన్నతనంలో నా బట్టలు రజకులు ఉతికిపెట్టేవారు. పెళ్ళయ్యాక మా ఆవిడ ఉతికేది. ఆ తరువాత వాషింగ్ మిషను వచ్చింది. అన్నేళ్ళలో నేను ఒక్క జేబురుమాలైనా ఉతికిన పాపాన పోలేదు.

కిందటి ఏడు నా పాత శిష్యుడొకడు ఫోను చేశాడు. "మాస్టారూ, శ్రీపంచమి నాడు మా పాపకు అక్షరాభ్యాసం. మీ చేతుల మీదుగా జరగాలి," అన్నాడు. శిష్యుడు పిలిస్తే పంతులు వెళ్ళకుండా ఉంటాడా? రెండు జతల తెల్లబట్టలు సంచీలో పెట్టుకుని బయలుదేరాను. చిలకలూరిపేట, మార్టూరు దాటి, మేదరమెట్ల దగ్గర అద్దంకి దారి పట్టాను. వాళ్ళ ఊరు అద్దంకికి దగ్గరే, గుండ్లకమ్మ వాగుకు కూతవేటు దూరం.

అక్షరాభ్యాసం చక్కగా జరిగింది. పాప పళ్ళెంలోని బియ్యంలో "ఓం" దిద్దింది. సాయంత్రం శిష్యుడి కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, నన్ను కల్లం చూడటానికి తీసుకుపోయాడు. దారిలో నల్లమట్టి పంచె అంచును పట్టుకున్నది. కల్లంలో కాయల రాశి పక్కన నడుస్తూ కాలు జారి, సరాసరి రాశి మీదనే కూర్చున్నాను. ఎండుకాయలు నా కింద పటపటమన్నాయి. ఆ ఘాటుకు ఇరవై తుమ్ములు తుమ్మాను. లేచి చూసుకుంటే చొక్కా వెనక, పంచె వెనక ఎర్రని మరకలు!

ఇంటికి రాగానే శిష్యుడి తల్లి, "విడిచి ఇయ్యండి మాస్టారూ, నేను ఉతుకుతా," అని చెయ్యి చాపింది. ఆ చేతిని చూశాను. వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. నెలరోజులుగా ఆమె కూడా కూలీలతో కలిసి మిరపకాయలు కోస్తున్నది. రాత్రిపూట మంటకు నిద్ర పట్టదట.

"వరండాలో మిషను ఉందిగదమ్మా, దాంట్లో వేస్తే పోదా?" అన్నాను.

"కల్లం బట్టలు దాంట్లో వెయ్యం మాస్టారూ. ఆనక పసిదాని గౌన్లకు అంటుకుంటే ఒళ్ళు మండుద్ది," అన్నదామె.

"అయితే నా బట్టలు నేనే ఉతుక్కుంటాను," అన్నాను. ఆమె నొచ్చుకున్నది. "అయ్యో, మీరా!" అన్నది. నేను వినలేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో బండ దగ్గర కూర్చున్నాను. బోరు పంపు కింద బకెట్టు నింపి, సబ్బు రుద్దాను. ఎంత రుద్దినా నురగ రాదు! నీళ్ళ మీద తెల్లగా, విరిగిన పాలలాంటి తెట్టు తేలింది. పిల్లవాడు పక్కన నిలబడి కిసుక్కున నవ్వాడు. "అవి ఉప్పునీళ్ళు, తాతగారూ! బట్టలకు ఆ తొట్టిలో కాలవనీళ్ళున్నాయి," అన్నాడు. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠం అప్పుడు గుర్తుకు వచ్చింది.

నేలలోంచి వచ్చే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. అవి ఎక్కువైతే ఆ నీటిని కఠినజలం అంటారు. సబ్బు ఆ లవణాలతో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారిపోతుంది. ఆ తెట్టు అదే. లవణాలన్నీ అలా అయిపోయిన తరువాత గాని సబ్బు మురికిని పట్టించుకోదు. అంటే సగం సబ్బు నీళ్ళను ఉతకటానికే సరి! ఇటువంటి నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కట్టేదీ, మిషన్ల లోపల పేరుకునేదీ ఈ లవణాలే.

కాలవనీటిలో ఈ లవణాలు బాగా తక్కువ. ఆ కాలవ నాగార్జునసాగరు నుంచి వస్తుంది. 1955 డిసెంబరు 10 న నెహ్రూగారు ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4 న ఇందిరాగాంధీ కాలవలకు నీరు వదిలారు. కుడి కాలవకు జవహర్ కాలవ అని పేరు. దాని కొమ్మల్లో అద్దంకి బ్రాంచి కాలవ ఒకటి.

"కాలవ రాకముందు ఎట్లా ఉతికేవారమ్మా?" అని అడిగాను.

"మా అత్తగారు చెప్పేది మాస్టారూ. వాగు ఇసకలో చెలమలు తీసేవాళ్ళంట. చాకిరేవు కూడా అక్కడే. చౌడు నానేసి ఉబ్బ పెట్టేవాళ్ళంట," అన్నది.

పిల్లలూ, ఉబ్బ అంటే మీలో చాలామందికి తెలియదు. ఎండాకాలంలో కొన్ని నేలల మీద తెల్లగా పొడి పైకి తేలుతుంది. అదే చౌడు. రజకులు దాన్ని పోగుచేసి, చౌడు నీళ్ళలో బట్టలు తడిపి, పెద్ద బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించేవారు. అదే ఉబ్బ. చౌడులో సోడియం కార్బొనేటు ఉంటుంది. అది కఠినజలంలోని కాల్షియంను పట్టుకుని అడుగుకు దింపేస్తుంది, బట్టల జిడ్డును వదలగొడుతుంది. మీ రసాయనశాస్త్ర పుస్తకంలో దీనికి "చాకలి సోడా" అనే పేరు కనిపిస్తుంది. పుస్తకం ఎక్కకముందే ఆ విద్య వాగు ఒడ్డున ఉన్నదన్నమాట. ఆ విద్య ఎరిగినవారికి మన పెద్దలు ఏడాదికి కొన్ని గింజలు కొలిచి ఇచ్చేవారు గాని, వారిని పక్కన కూర్చోబెట్టుకునేవారు కాదు. ఇది కూడా మనం మరిచిపోకూడదు.

తొట్టిలో నీళ్ళు తెచ్చుకున్నాక, ఆ పిల్లవాడూ వాళ్ళ నాయనమ్మా నాకు పాఠం చెప్పారు. కల్లం బట్టలను ముందు గాలికి వీపు పెట్టి దులపాలి. తక్కినవాటితో కలపకుండా విడిగా నానబెట్టాలి. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకనే చేతులు మండితే ఆమె ముందు నూనె రాసుకుని, తరువాత సబ్బుతో కడుక్కుంటుంది. వట్టినీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు.

నానిన పంచెను బండమీద బాదబోయి, చిరిగిపోతుందేమోనని జంకాను. "నూలుబట్ట, ఏం కాదు. కొట్టండి," అన్నదామె. నిజమే. పత్తిపోగు పొడిగా ఉన్నప్పటికంటే తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. పట్టు, ఉన్ని అలా కాదు, తడిస్తే బలహీనపడతాయి. వాటిని బాదకూడదు. కుంకుడు నురగలో ముంచి, మెల్లగా పిసికి తీయాలి. కుంకుడుకాయ ఉప్పునీళ్ళలో కూడా నురగనిస్తుంది.

రెండు బకెట్ల నీళ్ళలో జాడించాను. మట్టి పోయింది గాని మిరప మరక పూర్తిగా పోలేదు. "ఎండలో వెయ్యండి, సూర్యుడు చూసుకుంటాడు," అన్నదామె. మిరప ఎరుపు కూడా నీళ్ళలో కరగదు. కాని ఎండవెలుగు తగిలితే ఆ రంగు పదార్థం విరిగి వెలిసిపోతుంది. మిరప వర్తకులు ఎండిన సరుకును గుంటూరు శీతల గిడ్డంగులలో దాచటానికి ఆ రంగు కాపాడుకోవటం కూడా ఒక కారణం. వాళ్ళు దాచుకునే రంగును నేను పోగొట్టుకోవటానికి దండెం మీద ఆరవేశాను.

అప్పుడు నా శిష్యుడు పొలం నుంచి వచ్చాడు. దండెం మీద చొక్కా చూసి నవ్వుతూ, "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో ఇట్లాంటి చొక్కాతోనే వస్తే నన్ను ప్రార్థనలో బయట నిలబెట్టారు," అన్నాడు.

నాకు గుర్తులేదు. వాడికి గుర్తుంది.

వాళ్ళమ్మ అందుకుని చెప్పింది. ఆ ఏడు కాలవకు నీళ్ళు రాలేదట. వాడికున్నది ఒక్కటే బడిచొక్కా. బడి నుంచి రాగానే దానితోనే మిరపకోతకు పోయేవాడట. రాత్రి ఉప్పునీళ్ళలో ఉతికి ఆరేసేదట. సబ్బు నురిసేది కాదు, రాత్రిపూట ఎండ ఉండదు. మరక పోయేది కాదు. తెల్లవారి ఆ తడిచొక్కానే తొడుక్కుని బడికి వచ్చేవాడట.

నేనప్పుడు ఆ దగ్గరి బడికి టౌను నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాణ్ణి. ఆ నీళ్ళు తాగాను గాని, ఏనాడూ వాటితో ఒక గుడ్డ ఉతకలేదు. కఠినజలం పాఠం చెప్పిన నోటితోనే ఆ పిల్లవాణ్ణి మందలించాను. "తప్పు నాదేరా," అన్నాను. వాడు, "అయ్యో, వదిలెయ్యండి మాస్టారూ," అని కాఫీ తేవటానికి లోపలికి పోయాడు.

గాంధీగారు దక్షిణాఫ్రికాలో బారిష్టరుగా ఉన్నప్పుడు ఖర్చు తగ్గించుకోవాలని బట్టలుతకటం నేర్చుకున్నారు. మొదటిసారి కాలరుకు గంజి ఎక్కువ పెట్టి, ఇస్త్రీ సరిగా చేయక కోర్టుకు వెళితే, తోటి బారిష్టర్లు నవ్వారట. ఆయన సిగ్గుపడలేదు. ఆయన నడివయసు రాకముందే నేర్చుకున్నది నేను అరవై దాటాక నేర్చుకున్నాను.

ఆ ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చాను. ఇప్పుడు నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. రెండు చొక్కాలు, ఒక పంచె, ఒక తువాలు - మూడు బకెట్ల నీళ్ళు సరిపోతాయి. ఉతికిన నీళ్ళతో పెరటి గచ్చు కడుగుతాను. దుప్పట్లు మాత్రం మిషనులోనే వేస్తాం. మిషను చెడ్డదని నేననను. అరిగిపోయిన చేతులకు అది పెద్ద సాయం. కాని పురుగుమందు కొట్టిన బట్టలను మాత్రం ఇంటిల్లిపాది బట్టలతో ఎన్నడూ కలపకండి. ఈ మాట పెద్దలకు కూడా చెబుతున్నాను.

పిల్లలూ, మీరు రెండు పనులు చేసి చూడండి. ఒకటి: రెండు సీసాలు తీసుకుని ఒకదానిలో వాననీళ్ళు, రెండోదానిలో బోరునీళ్ళు సగం వరకు పోయండి. రెంటిలోనూ ఒకే పరిమాణంలో సబ్బు తురుము వేసి, మూతలు బిగించి గిలకొట్టండి. మీ ఊరి నీళ్ళ సంగతి మీకే తెలుస్తుంది.

రెండోది: ఈ ఆదివారం మీ చొక్కానో గౌనో మీరే ఉతకండి. అమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. తప్పులుంటే ఆవిడ చెబుతుంది. సోమవారం అది తొడుక్కుని బడికి వెళ్ళినప్పుడు, పక్కవాడి చొక్కా మాసి ఉంటే నవ్వకండి. వాళ్ళ ఊరి నీళ్ళెట్లా ఉంటాయో ముందు అడగండి.