పదకొండింటికి వచ్చే మనిషి

ఇక్కడ ఏమన్నా రాసి చాలా రోజులైంది. విషయాల్లేక కాదు, రాత్రిళ్ళు లేక. మా ఇంట్లో రాత్రులు రెండు రకాలు: నర్సు వచ్చేవి, రానివి. వస్తే ఇద్దరం పడుకుంటాం. రాకపోతే ఒకళ్ళం పడుకుంటాం, ఒకళ్ళం కూర్చుంటాం. రాసుకోడానికి మూడో రకం రాత్రి ఇంకా దొరకలేదు. ఇవాళ ఆఫీసుకి సెలవు, మా ఆవిడా పిల్లాడూ మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు కాబట్టి ఇలా కూర్చున్నా.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మావాడు 2021 మార్చిలో, పుట్టాల్సిన రోజుకి పదిహేను వారాల ముందు పుట్టాడు. బరువు 710 గ్రాములు. ఊపిరితిత్తులు తయారవకముందే వాటితో పని చేయించాల్సి రావడంతో అవి దెబ్బతిన్నాయి. నెలల తరబడి వెంటిలేటరు మీదే ఉన్నాడు. నాలుగో నెలలో గొంతు దగ్గర రంధ్రం చేసి చిన్న గొట్టం పెట్టారు. ట్రేకియాస్టమీ అంటారు, ఇక్కడందరూ ముద్దుగా 'ట్రేక్' అంటారు (దానికి ముద్దుపేరేమిటో!). పొట్టకి ఇంకో గొట్టం, పాలు అందులోంచి. 2022 జనవరిలో, పది నెలల వయసులో మొదటిసారి ఇంటికొచ్చాడు. ఆరోజు కారులో పిల్లాడికంటే సామానే ఎక్కువ.

మాకు ముందుగా ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. ట్రేక్ ఉన్న పసిపిల్లాడు ఏడిస్తే వినపడదు. గాలి స్వరపేటిక దాకా పోకుండా కిందే గొట్టంలోంచి బయటికొచ్చేస్తుంది. నోరు తెరుచుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, కన్నీళ్ళు కారతాయి, చప్పుడు మాత్రం ఉండదు. పిల్లాడు ఏడిస్తే తల్లి ఎంత నిద్రలో ఉన్నా లేస్తుందంటారు కదా, మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు. కఫం గొట్టానికి అడ్డుపడితే చేతిలో ఉండేది నిమిషాలు. అందుకని ఎవరో ఒకరు పక్కన మేలుకుని ఉండాలి. ఊరికే పక్కన పడుకోవడం కాదు, కళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండాలి.

ఆస్పత్రిలో ఇద్దరికీ నేర్పించారు. సక్షన్ మిషనుతో కఫం తీయడం, గొట్టం మార్చడం, ఊపిరి ఆగితే చేత్తో గాలి కొట్టడం. ఎక్కడికెళ్ళినా సంచీలో అదే సైజు గొట్టం ఒకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఒకటి ఉండాలి, పెద్దది ఎక్కకపోతే చిన్నదన్నా ఎక్కుతుందని. చివర్లో ఒక పరీక్ష: ఇరవైనాలుగ్గంటలు ఆస్పత్రి గదిలో మేమిద్దరమే అన్నీ చూసుకోవాలి, నర్సులు ముట్టుకోరు. ఎం.ఎస్.లో కంపైలర్స్ పరీక్షకి కూడా నాకంత చెమట పట్టలేదు. పాసయ్యాం. అయినా పంపలేదు. రాత్రికి నర్సు కుదిరేదాకా పంపమన్నారు. అయిదు వారాలు ఆగాం.

డబ్బు సంగతి. మా కన్సల్టింగ్ కంపెనీ ఇన్సూరెన్సు ఆస్పత్రికిచ్చినంత ధారాళంగా ఇంటికివ్వదు. సొంత ఖర్చుతో ఎంతవుతుందని ఒక ఏజెన్సీని అడిగితే గంటకి 60 డాలర్లన్నారు. రాత్రికి ఎనిమిది గంటలు, నెలకి 14,400. ఎంత ఐటీ జీతమైనా సరే, మీరే లెక్కేసుకోండి.

అప్పుడు ఆస్పత్రిలో సోషల్ వర్కరు 'కేటీ బెకెట్' అనే పేరు చెప్పింది. ఏదో ఫారం పేరనుకున్నా. కాదు, ఒక పిల్ల పేరు. అయోవా రాష్ట్రంలో సీడర్ ర్యాపిడ్స్‌లో 1978లో పుట్టింది. నెలల పిల్లగా ఉన్నప్పుడే మెదడువాపు వచ్చి వెంటిలేటరు మీదకెళ్ళింది. మూడేళ్ళొచ్చేసరికి ఇంటికి పంపొచ్చన్నారు డాక్టర్లు. కానీ రూలేమిటంటే, ఆస్పత్రిలో ఉన్నంతకాలం మెడికెయిడ్ కడుతుంది. ఇంటికెళ్తే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకొస్తుంది, మెడికెయిడ్ పోతుంది. ఇంటి దగ్గర అయ్యే ఖర్చు ఆస్పత్రి ఖర్చులో ఆరోవంతే, అయినా రూలు రూలే. 1981 నవంబరులో ప్రెసిడెంటు రీగన్ పత్రికలవాళ్ళ ముందు ఈ పిల్ల సంగతి చెప్పి, ఇదేం చోద్యం అన్నాడు. ఆ పిల్లకి మినహాయింపు ఇచ్చారు, 1982లో చట్టమే మార్చారు. ఇష్టమున్న రాష్ట్రాలు ఇలాంటి పిల్లలకి తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా మెడికెయిడ్ ఇవ్వొచ్చు. ఎక్కువ బతకదనుకున్న ఆ పిల్ల చదువుకుని, వికలాంగుల తరఫున గట్టిగా మాట్లాడి, 2012లో ముప్ఫై నాలుగేళ్ళ వయసులో పోయింది.

మేముండే రాష్ట్రంలో ఈ పద్ధతి ఉంది. నాది హెచ్‌1బి అయినా వాడు ఇక్కడే పుట్టిన సిటిజను కాబట్టి అడ్డు లేదు. "నీ జీతానికి మెడికెయిడేంట్రా" అని ఒక స్నేహితుడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే, అంతకుముందు ఇంకెవరి గురించో అలాంటి మాట నేనూ అన్నాను.

అలా వచ్చింది ఆవిడ, రాత్రి పదకొండింటికి. జమైకా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, యాభై దాటి ఉంటాయి. మా ఆవిడని 'మామ్' అనేది, నన్ను 'డాడ్' అనేది, ఇక్కడి పిల్లల నర్సులందరిలాగే. చెప్పులు బయటే విడవాలని మేం చెప్పకముందే బ్యాగులోంచి ఇంట్లో వేసుకునే చెప్పులు వేరే తీసింది. రాగానే మమ్మల్ని పలకరించదు. ముందు గొట్టం, తర్వాత మిషన్ల మీద అంకెలు, సంచీలో సామాను లెక్క. అన్నీ అయ్యాక అప్పుడు "గుడీవినింగ్".

ఫిబ్రవరిలో మా అమ్మ వచ్చింది గుంటూరు నుంచి. మొదటి వారం రోజులూ తలుపు సందులోంచి ఆవిణ్ణి కాపలా కాసింది. ఒకరోజు పొద్దున్నే అడిగింది: "కన్నవాళ్ళు ఇద్దరూ ఇంట్లో ఉండగా, ముక్కూమొహం తెలీని మనిషి చేతిలో పిల్లాణ్ణి పెట్టి మీకు నిద్దరెలా పడుతుందిరా?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ లేచి వంటింట్లోకెళ్ళిపోయింది.

ఏప్రిల్లో ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఏజెన్సీ ఫోను. ఆవిడకి జ్వరం, బదులు ఎవరూ లేరు, సారీ. ఇది మామూలే. కాగితం మీద గంటలు మంజూరవడం వేరు, ఆ గంటల్లో మనిషి రావడం వేరు. అదే నర్సుకి ఆస్పత్రిలో ఎక్కువిస్తారు, ఎవరు మాత్రం వస్తారు? సరే, పదకొండు నుంచి మూడు మా ఆవిడ, మూడు నుంచి ఏడు నేను అనుకున్నాం. ఆ వారమంతా నాకు రిలీజు పని, ముందు రెండు రాత్రులు ఒంటిగంట దాకా కాల్స్. మూడింటికి లేచి కాఫీ తాగి, వాడి మంచానికి మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్నా.

తర్వాత గుర్తున్నది, మా అమ్మ నా భుజం పట్టుకుని ఊపేయడం. "ఒరేయ్, అది మోగుతోంది, లెగరా, లెగు." మిషను మీద 62. తొంభైకి పైన ఉండాల్సిన అంకె. పిల్లాడి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. సక్షన్ పెట్టా, గొట్టం లోపలికి దిగట్లేదు, అడ్డు. మా ఆవిడని కేకేశా. తను తల పట్టుకుంది, నేను గొట్టం లాగేసి కొత్తది పెట్టా. అంతా కలిపి రెండు నిమిషాలుంటుందేమో. అంకె పైకెక్కడం మొదలెట్టింది. వాడు చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు.

ఆ అలారం ఎంతసేపు మోగిందో అమ్మ చెప్పలేదు. నేనడగలేదు.

ఒక్క మాట కూడా అనలేదు నన్ను. మర్నాడు సాయంత్రం మాత్రం, చపాతీ పిండి కలుపుతూ, "ఆ నర్సమ్మకి జ్వరం తగ్గిందా? ఇవాళ వస్తుందా?" అంది. ఆ తర్వాత వారమే, ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మ, తెలుగు ఒక్క ముక్క రాని ఆవిడ దగ్గర సక్షన్ చెయ్యడం నేర్చుకుంది. ఎలా మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలీదు. రెండింటికి లేచి ఆవిడకి ఫిల్టర్ కాఫీ కలిపిచ్చేది. ఆవిడ షిఫ్టులో రాసే నోట్సులో ఒకచోట చూశా: 'నాయనమ్మ మేలుకునే ఉన్నారు, సక్షన్ సరిగ్గా చేశారు' అని.

ఆఫీసులో సర్వరు పడిపోతే చూడటానికి మాకు ఆన్‌కాల్ వంతులుంటాయి. ఒకడు పలకకపోతే రెండోవాడికి ఫోను, రాత్రి లేచినవాడు పొద్దున ఆలస్యంగా రావచ్చు. నిద్రలేనివాడి చేతికి ప్రొడక్షన్ ఇవ్వకూడదని కంపెనీకి తెలుసు. ఇంట్లో మాత్రం ప్రేమ ఉంటే నిద్ర అక్కర్లేదని ఎందుకనుకుంటామో.

ఇంకో చిత్రం చెప్పాలి. నర్సింగ్ గంటలు ఒకసారి ఇస్తే ఉండిపోవు, కొన్ని నెలలకోసారి కాగితాలు చూసి మళ్ళీ ఇస్తారు. వారానికి 56 గంటలతో మొదలైంది మాకు. రెండో ఏడు, పిల్లాడు నిలకడగా ఉన్నాడు, ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి 40 చాలన్నారు. నర్సు ఉంది కాబట్టే కదా చేరలేదు! ఈ తగాదా కొత్తదేం కాదట. జార్జియాలో కాలీ మూర్ అనే అమ్మాయికి వారానికి 94 గంటలని డాక్టరు రాస్తే రాష్ట్రం 84 అంది. ఆ పది గంటల కోసం కోర్టుకెళ్ళారు. డాక్టరుదీ రాష్ట్రానిదీ ఇద్దరిదీ పాత్ర ఉంటుంది, డాక్టరు మాటే ఆఖరు మాట కాదని 2011లో అప్పీలు కోర్టు చెప్పింది. మేం కోర్టు దాకా వెళ్ళలేదు. నర్సు నోట్సులన్నీ ముందేసుకుని, రాత్రికెన్ని సక్షన్లు, ఎన్ని అలారాలు, ఎన్నింటికి, మూడు నెలలది ఎక్సెల్‌లో పెట్టి అప్పీలు చేశా. నా చదువు వాడికి పనికొచ్చింది ఆ ఒక్కసారే అనుకుంటా :) 48 ఇచ్చారు. వారానికి ఆరు రాత్రులు. ఏడోది మాది.

2023లో డాలస్‌లో మంచి ఆఫరొచ్చింది, మా వాళ్ళందరూ అక్కడే. టెక్సస్‌లో ఈ కేటీ బెకెట్ పద్ధతి లేదు, దానికి బదులున్న పథకానికి ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. గ్రీన్‌కార్డు క్యూ ఒకటి చాలదా? వద్దన్నాను. కన్సల్టెంట్ అన్నవాడు ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడుండాలి, నేనేమో రాష్ట్రం సరిహద్దు దాటలేని కన్సల్టెంటుని. 2025 జులైలో మెడికెయిడ్ డబ్బుకి కోతపెట్టే చట్టం వచ్చినప్పట్నుంచీ ఇంకో దిగులు. ఇది రాష్ట్రాల ఇష్టం మీద నడిచే పద్ధతి కదా, డబ్బు తగ్గితే ముందు ఏది తెగుతుందో.

ఇదంతా రాయడానికి అసలు కారణం మా వదిన. పెద్దనాన్నగారి కోడలు, తెనాలిలో ఉంటుంది. వాళ్ళ అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ, పధ్నాలుగేళ్ళు. రాత్రి మూడు నాలుగుసార్లు పక్కకి తిప్పాలి, ఫిట్స్ వస్తే చూసుకోవాలి. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా మేమందరం అనే మాట ఒకటే: "వదినకి ఎంత ఓపికో! భూదేవి." నేనూ అన్నాను, ఎన్నిసార్లో. ఆ కుర్చీలో నిద్రపోయిన రాత్రి తర్వాత గానీ నాకు తట్టలేదు, పధ్నాలుగేళ్ళలో మాలో ఒక్కడు కూడా "ఈ రాత్రికి నేను కూర్చుంటా, నువ్వు పడుకో" అనలేదని. భూదేవి అనేస్తే సరిపోతుంది, ఖర్చు లేదు.

ఫోన్ చేసి నిద్ర సంగతి అడిగితే నవ్వింది. "నిద్దరదేముందిలే బాబూ." అక్కడ నేషనల్ ట్రస్టువాళ్ళ నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, వైద్యానికీ థెరపీకీ. వాళ్ళకి తెలీదు, అన్నయ్య చేత కార్డు తీయించాం. కానీ రాత్రి కూర్చునే మనిషికి అందులో చోటు లేదు. అందుకని మా కజిన్స్ ఆరుగురం తలా కొంత వేసుకుని నెలకి నాలుగు రాత్రులు ఒక నర్సుని పెట్టాం. వదిన ఒప్పుకోడానికి రెండు నెలలు పట్టింది. మా అమ్మ మాటే తనదీ: కన్నతల్లి ఉండగా ఎవరో మనిషేంటి, నలుగురూ ఏమనుకుంటారు అని. చివరికి మా అమ్మే బస్సెక్కి వెళ్ళి ఒప్పించింది, మొదటి రాత్రి తనూ అక్కడే ఉంది. మర్నాడు వదిన ఫోన్ చేసింది. పొద్దున ఎనిమిదింటికి మెలకువొచ్చిందిట, ఎండ చూసి పిల్లకేదో అయిపోయిందని గుండె ఆగినంత పనై పరిగెత్తిందిట. పిల్ల జడలు వేయించుకుంటోందిట.

మావాడికిప్పుడు నాలుగు దాటాయి. పగలు వెంటిలేటరు అక్కర్లేదు. గొట్టానికి పైన చిన్న వాల్వు తగిలిస్తే మాట వస్తుంది. ఆ వాల్వు కనిపెట్టినవాడు డేవిడ్ మ్యూర్ అని, కండరాల జబ్బుతో తనూ వెంటిలేటరు మీదున్న కుర్రాడే. మావాడు మొదట పలికిన పేర్లలో ఆవిడది ఒకటి, 'నైనై' అని. నైట్ నైట్ చెప్పే మనిషి కదా.

పోయిన నెల ఆవిడ మానేసింది. ఆస్పత్రిలో పగటి ఉద్యోగం దొరికింది. యాభై దాటిన మనిషి ఎన్నాళ్ళని రాత్రిళ్ళు మేలుకుంటుంది? నాకు కోపం లేదు. చివరి రోజు మా ఆవిడ చీర పెట్టింది, ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత ఇద్దరొచ్చారు, ట్రేక్ ఎప్పుడూ చూడలేదన్నారు, పంపించేశాం. వచ్చే సోమవారం ఇంకొకావిడ వస్తోంది. ఆవిడ కోసం మా ఆవిడ రాసిన కాగితం ఫ్రిజ్ మీద ఉంది. గొట్టం సైజు, సక్షన్ లోతు, ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలి. ఆ కింద ఇంకో రంగు పెన్నుతో: కళ్ళు గట్టిగా మూసుకుని కదలకుండా ఉంటే నిద్రపోలేదని అర్థం. కాసేపాగి వేలు తీసుకెళ్ళి అరికాలు దగ్గర పెట్టండి, ముట్టుకోకముందే నవ్వేస్తాడు.