మామయ్యగారి పద్మిని

మైపాడు వెళ్ళి రావడానికే మామయ్యగారి ప్రీమియర్ పద్మిని ఆయాసపడుతుంటే, తుక్కు కింద ఇచ్చేద్దామన్నారు మావారు. మామయ్యగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

నెల్లూరులో ఇంజను విప్పించాం. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. క్యామ్‌షాఫ్ట్ మీద కోడిగుడ్డు కొసలా మొనదేలి ఉండాల్సిన ఎనిమిది లోబుల్లో రెండు అరిగి గుండ్రబడ్డాయి. ఇక వాల్వు సగమే తెరుచుకుంటుంది, బండికి ఊపిరాడదు.

కొత్తది చెన్నై పుదుపేటలో దొరికింది. ట్యాపెట్లు పాతవే వేసేద్దామన్నారు మావారు. అరిగిన ట్యాపెట్లు కొత్త షాఫ్టునీ తినేస్తాయన్నాడు మెకానిక్. చీటీ డబ్బు తీసి ఎనిమిదీ కొనిపించాను. (నా గాజులు ఇంకో చీటీకి!)

స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌కి దిగనివ్వకుండా యాక్సిలరేటర్ తొక్కి ఉంచాలట. ఆ కుర్చీ మామయ్యగారిదే. అత్తయ్య పొగకి కొంగు అడ్డం పెట్టుకున్నారే గానీ, గేటు దగ్గర నుంచి కదల్లేదు.